దారి ఖర్చుల సంచీ

మా పిన్ని కొడుకు పోయిన వారం ఫోన్ చేశాడు. మే నెలలో వాడూ మరదలూ యూరప్ వెళ్తున్నారు. టికెట్లు కొనేశారు, ఆఫీసులో సెలవు అడిగేశారు. "అక్కా, మీరు వెళ్ళొచ్చారు కదా, రోజుకి ఎంత పెట్టుకోమంటావు? ఒక్క అంకె చెప్పు చాలు, పదమూడుతో గుణించేసుకుంటా" అన్నాడు. ఎవరో వీడియోలో మనిషికి రోజుకి ఆరు వేలు సరిపోతుందని చెప్పారట. అది నిజమేనా అని అడగడానికే ఫోన్ చేశాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అంకె తెలియక కాదు. నిరుడు మే నెలాఖరులో మేం ముగ్గురం, అంటే నేనూ మా ఆయనా పదకొండేళ్ళ మా అమ్మాయీ, పద్నాలుగు రోజులు తిరిగి వచ్చాం. పారిస్, లూసర్న్, వెనిస్, రోమ్, ప్రాగ్. నీళ్ళ సీసా దగ్గర్నుంచి రాసుకున్న నోటుపుస్తకం ఇప్పటికీ అల్మరాలో ఉంది. దాన్ని తీసి మళ్ళీ చదివాక వాడికి చెప్పాల్సింది ఒక్క అంకెలో ఇమడదని అర్థమైంది. మేం కూడా అలాంటి అంకె ఒకటి పట్టుకునే బయల్దేరాం. మా ప్రయాణంలో జరిగిన పొరపాట్లలో సగం ఆ అంకె వల్ల జరిగినవే.

వంద యూరోల రోజు

జనవరిలో కూర్చుని లెక్క వేసుకున్నప్పుడు హోటళ్ళు, ఊరికీ ఊరికీ మధ్య రైళ్ళు, ఒక విమానం విడిగా పెట్టాం. అవన్నీ ముందే కట్టేసేవి. చేతి ఖర్చు, అంటే తిండి, ఊళ్ళో బస్సులు మెట్రోలు, చూసే చోట్ల టికెట్లు, చిల్లర మల్లర అన్నీ కలిపి ముగ్గురికీ రోజుకి 100 యూరోలు అనుకున్నాం. అప్పుడు యూరో 90 రూపాయలు. 14 రోజులకి 1,400 యూరోలు, అంటే 1,26,000 రూపాయలు. లెక్క చక్కగా కుదిరింది. నిండు సంఖ్య కాబట్టి గుర్తుంచుకోవడం కూడా తేలిక.

అయింది 1,774 యూరోలు. మేలో ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) వేసుకునేటప్పటికి యూరో 97 పడింది. మొత్తం 1,72,000 దాటింది. అంటే 46,000 పైన తేడా వచ్చింది. అందులో పదివేలకి కాస్త తక్కువ కేవలం రూపాయి జారినందువల్ల పోయింది. దాన్ని మేం ఆపలేం. ఈ రోజు రేటు మీద ఎనిమిదో పదో శాతం కలిపి లెక్క వేసుకుని ఉంటే కనీసం కంగారు పడేవాళ్ళం కాదు. మిగతా 36,000 ఎక్కడికి పోయిందో తెలుసుకోవాలనే నోటుపుస్తకం ముందేసుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాను.

ముందుగా ఊళ్ళ వారీగా విడదీశాను. పారిస్‌లో మామూలు రోజు, అంటే పొద్దున్నే లేచి ఊరు చూసి రాత్రి అదే గదికి వచ్చే రోజు, సగటున 120 యూరోలు అయింది. రోమ్‌లో 100. లూసర్న్‌లో స్విస్ ఫ్రాంకుల్ని యూరోల్లోకి మారిస్తే 85. ప్రాగ్‌లో 54. స్విట్జర్లాండ్ అంటే అందరూ భయపెట్టారు. అక్కడ చేతి ఖర్చు పారిస్ కంటే తక్కువ అయిందంటే మా ఆయన మొదట నమ్మలేదు. కారణం ఏమిటంటే అక్కడ తిరుగుడంతా ముందే కొన్న పాసులో ఉంది. మూడు రోజుల స్విస్ ట్రావెల్ పాస్ ఒక్కొక్కటి 244 ఫ్రాంకులు, ఇద్దరికి 488. ఆ డబ్బు వేరే పద్దులో ఎప్పుడో పోయింది కాబట్టి అక్కడికి వెళ్ళాక కనబడలేదు. రాత్రి భోజనం సూపర్‌మార్కెట్ బ్రెడ్డు, పెరుగు, సలాడ్, ఇంటి నుంచి తీసుకెళ్ళిన కందిపొడితో కానిచ్చేశాం. రిగి అనే కొండ మీదికి రైల్లో వెళ్ళాం. యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు అదే, 1871లో మొదలైంది. ఆ పాసు ఉంటే రిగికి వేరే టికెట్ అక్కర్లేదు. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే మంచు కొండ స్టేషన్‌కి వెళ్ళి ఉంటే పాసు రాయితీ పోను కూడా మనిషికి వంద ఫ్రాంకుల పైమాటే అయ్యేది, ఈ 85 కాస్తా ఎక్కడికో పోయేది. కాబట్టి "లూసర్న్‌లో రోజుకి 85" అని ఎవరికైనా చెబితే అది కూడా సగం నిజమే.

పిల్లల లెక్క ఇంకోటి. మేం "అమ్మాయికి సగం వేసుకుందాం" అనుకున్నాం. నిజంగా సగం పడింది వీసా ఫీజులో మాత్రమే. మాకు 90 యూరోలు, దానికి 45. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి టికెట్టే లేదు. స్విట్జర్లాండ్‌లో అమ్మానాన్నల్లో ఒకరికి పాసుంటే పదహారేళ్ళ లోపు పిల్లలకి ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు, దాంతో వాళ్ళకి టికెట్ అక్కర్లేదు. ప్రాగ్‌లో ట్రాములు పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఉచితం, వయసు రుజువు దగ్గరుంటే చాలు. కానీ పారిస్ మెట్రోలో పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ టికెట్టే, మేం వెళ్ళినప్పుడు 2.50. వెనిస్ పడవలోనూ రోమ్ బస్సులోనూ అంతే. సగం అనే సగటు ఒక్క ఊళ్ళో కూడా నిజం కాలేదు. కలిపి చూస్తే ఎక్కడో దగ్గరగా వస్తుందేమో, కానీ కౌంటర్ దగ్గర నిలబడి టికెట్ కొనేటప్పుడు ఆ సగటు ఏం పనికొస్తుంది?

ఊరు మారే రోజు

ఊళ్ళ వారీగా చూశాక నాకు ఇంకా వింతగా అనిపించిన సంగతి ఒకటుంది. ఎనిమిది మామూలు రోజులకీ కలిపి మాకు అయింది 784 యూరోలు. సగటున రోజుకి 98. అంటే మేం అనుకున్న వంద దాదాపు సరైన అంకే! మరి 1,774 ఎలా అయింది? మిగిలిన ఆరు రోజులకి 990 అయింది. దిగిన రోజు, ఊరు మారిన నాలుగు రోజులు, తిరుగు ప్రయాణం రోజు. సగటున 165. రైలు టికెట్లు, విమానం టికెట్లు ఇందులో లేవని మళ్ళీ చెబుతున్నాను. అవి ముందే కట్టేశాం. ఇది కేవలం చేతి ఖర్చు.

అన్నిటికన్నా ఎక్కువైంది లూసర్న్ నుంచి వెనిస్ వెళ్ళిన రోజు. ఆ పేజీ ఇప్పుడు కూడా నా ముందుంది. మిలాన్ స్టేషన్లో రైలు మారాలి, గంటన్నర సమయం. ఆకలి, చేతుల్లో మూడు పెట్టెలు. స్టేషన్ దాటి బయటికి వెళ్ళే ఓపిక లేదు. అక్కడే నిలబడి తిన్న శాండ్‌విచ్‌లకీ పిజ్జా ముక్కలకీ 38 యూరోలు. వెనిస్‌లో దిగాక వాపొరెట్టో, అంటే ఊళ్ళో తిరిగే పడవ. ఒక్కసారి ఎక్కితే అప్పుడు మనిషికి 9.50, డెబ్భై ఐదు నిమిషాలు చెల్లేది. ఇరవై నాలుగు గంటల పాసు 25. పెట్టెలతో వంతెనల మెట్లు ఎక్కి దిగలేం, రాత్రి భోజనానికి వెళ్ళి రావాలి, మర్నాడు మళ్ళీ స్టేషన్‌కి రావాలి కాబట్టి ముగ్గురికీ పాసులు తీసుకున్నాం. 75. రాత్రి రియాల్టో వంతెన దగ్గర భోజనం 84. అందులో కోపెర్తో అని తలకి 3 చొప్పున వేశారు. బల్ల దగ్గర కూర్చున్నందుకు అక్కడ మామూలుగా తీసుకునే రుసుం అది. నీళ్ళ సీసాలు, ఒక్కోసారికి 1.50 చొప్పున టాయిలెట్లు, ఐస్‌క్రీమ్, హోటల్లో చేతికి ఇవ్వాల్సిన సిటీ ట్యాక్స్ (రాత్రి బస మీద ఊరు వేసే పన్ను) కలిపి ఇంకో 43. మొత్తం 240 యూరోలు.

ఈ ఖర్చుల్లో ఒక్కటి కూడా దుబారా కాదు. అదే నన్ను బాగా ఆలోచింపజేసింది. ఊరు మారే రోజు మనిషి చేతిలో పెట్టెలుంటాయి, కాళ్ళలో ఓపిక ఉండదు, చౌక కొట్టు ఎక్కడుందో తెలియదు, వంట చేసుకునే గది ఇంకా చేతికి రాదు. ఒక ఊళ్ళో మూడో రోజుకి మనకి అన్నీ తెలుస్తాయి. ఏ బేకరీలో బ్రెడ్డు మంచిదో, ఏ సందులో భోజనం చౌకో, ఏ కుళాయి నీళ్ళు తాగొచ్చో. రోమ్‌లో వీధి మలుపుల్లో నసోని అనే ఇనుప కుళాయిలుంటాయి, చల్లటి మంచినీళ్ళు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. మొదటి రోజు మేం నీళ్ళ సీసాలు కొన్నాం. రెండో రోజు నుంచి ఒక్కటి కూడా కొనలేదు. ఆ తెలివిడి వచ్చేసరికి ఊరు విడిచి వెళ్ళే రోజు వస్తుంది. కొత్త ఊళ్ళో మళ్ళీ మొదటికి.

లూసర్న్ చేరిన రోజు ఆదివారం. ఆదివారం అక్కడ కొట్లు మూసేస్తారని చదివాను గానీ ఆ రోజు ఆదివారమన్న సంగతే గుర్తులేదు. ప్రయాణంలో వారాలు ఎవరికి గుర్తుంటాయి? స్టేషన్లో ఉన్న కొట్లు ఆదివారం కూడా తెరిచే ఉంటాయని హోటల్‌కి చేరాక తెలిసింది. అప్పటికి వాన మొదలైంది, మళ్ళీ వెనక్కి నడిచే ఓపిక ఎవరికీ లేదు. పక్కనున్న హోటల్లో మూడు ప్లేట్ల పాస్తాకి 78 ఫ్రాంకులు కట్టాం. మర్నాడు సూపర్‌మార్కెట్లో ముగ్గురి రాత్రి భోజనం 24 ఫ్రాంకుల్లో అయిపోయింది.

రోమ్ చేరిన రోజు హోటల్ కౌంటర్లో అమ్మాయి చిరునవ్వుతో 54 యూరోలు అడిగింది. త్రీస్టార్ హోటల్‌కి మనిషికి రాత్రికి 6 చొప్పున సిటీ ట్యాక్స్, ముగ్గురికి మూడు రాత్రులు. పదేళ్ళ లోపు పిల్లలకి లేదట, మా అమ్మాయికి పదకొండు. బుకింగ్ కాగితంలో చిన్న అక్షరాల్లో రాసే ఉంది. తప్పు మాదే. కానీ ఆ డబ్బు కూడా ఊరు మారిన రోజు మీదే పడింది.

అలసిపోయిన మనిషి డబ్బు విషయంలో తప్పులు కూడా ఎక్కువ చేస్తాడు. ప్రాగ్‌లో దిగిన సాయంత్రం మా ఆయన పాత ఊరి చౌక్ దగ్గర ఒక కౌంటర్లో 100 యూరోలు మార్చాడు. బోర్డు మీద కమీషన్ సున్నా అని పెద్దగా రాసి ఉంది. చేతికి వచ్చింది 1,700 కొరూనాలు. రావాల్సింది దాదాపు 2,500. కమీషన్ సున్నాయే, రేట్లోనే దాదాపు మూడో వంతు కోసేశారు. గదికి వచ్చాక రిసెప్షన్‌లో ఉన్న పెద్దాయన రసీదు చూసి గడియారం చూశాడు. చెక్ దేశంలో 1,000 యూరోల లోపు మారిస్తే మూడు గంటల్లోగా రసీదుతో వెళ్ళి రద్దు చేసుకునే హక్కు ఉందట, 2019 నుంచి చట్టమే ఉంది. మా ఆయన పరుగెత్తుకుని వెళ్ళి డబ్బు వెనక్కి తెచ్చుకున్నాడు. మామూలు రోజు అయితే ఆయన అలాంటి కౌంటర్ దగ్గర నిలబడేవాడే కాదు. ఇంట్లో టమాటాలు కూడా రెండు బళ్ళ దగ్గర అడిగి కొనే మనిషి. ఆ పొద్దున రోమ్ విమానాశ్రయంలో గేటు దగ్గర బ్యాగు కొలతకి మించి ఉందని 55 యూరోలు కట్టించుకున్నారు. అప్పటి నుంచి ఆయన మనసు మనసులో లేదు.

మా నాన్న తెనాలిలో బడిపంతులుగా చేశారు. నా చిన్నప్పుడు ఒకసారి అమ్మానాన్నలు కాశీ వెళ్ళారు. బయల్దేరే ముందు అమ్మ ముతక గుడ్డతో చిన్న సంచీ కుట్టింది, మూతికి తాడు. నాన్న దానికి "దారి ఖర్చుల సంచీ" అని పేరు పెట్టారు. ఊళ్ళో అయ్యే ఖర్చు జేబులో, దారి ఖర్చు సంచీలో. రిక్షా, కూలీ, స్టేషన్లో టిఫిను, రైలు ఆలస్యమైతే వెయిటింగ్ రూములో టీలు అన్నీ ఆ సంచీ నుంచే. జేబులో డబ్బు దారిలో తీసేవారు కాదు, సంచీలో డబ్బు ఊళ్ళో తీసేవారు కాదు. మిగిలితే తిరుగు దారిలో చుట్టాలకి కాశీ దారాలు, చిన్న గంగ చెంబులు కొనుక్కొచ్చారు. నేను ఎక్సెల్ షీట్లో పెట్టుకున్న పద్నాలుగు వరసల్లో ఆ సంచీ లేదు. అన్ని రోజులూ ఒకలాగే ఉంటాయన్నట్టు వందలు నింపుకుంటూ పోయాను. రోజులు రెండు రకాలుంటాయి, దారి రోజు, ఊరి రోజు అన్న మాట మా నాన్నకి తెలుసు. నాకు చెప్పినట్టు కూడా ఉంది, నేను మర్చిపోయాను.

లూసర్న్‌లో ఒక కప్పు

మా ఆయన అభిప్రాయం వేరు. ఈ లెక్కలన్నీ విని ఆయన అన్న మాట: "ఇంత కొలుచుకుంటూ తిరిగితే ఇక చూసేదేముంది? మొత్తం మీద ఇంత అని పెట్టుకుందాం, అయిపోతే కార్డు ఉంది." ఆయన మాటలో న్యాయం లేదని నేను అనను. ఆ న్యాయం నాకు లూసర్న్‌లోనే తెలిసింది.

రెండో రోజు సాయంత్రం సరస్సు ఒడ్డున, కొయ్య వంతెన కనబడేలా ఒక కాఫీ హోటల్ ముందు నిలబడ్డాం. వాన ఆగి చలిగా ఉంది. మా అమ్మాయి హాట్ చాక్లెట్ అడిగింది. బోర్డు మీద 7.50 ఫ్రాంకులు. ఫ్రాంకు అప్పటికి వంద రూపాయలు దాటింది. నా నోట్లోంచి ఠక్కున వచ్చేసింది: "ఏడు వందల డెబ్భై రూపాయలు! గదికి వెళ్ళాక పాలు కాచి ఇస్తాను." అది మారు మాట్లాడలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని వంతెన వైపు చూస్తూ నిలబడింది. గొడవ చేసి ఉంటే కొనిచ్చేదాన్నేమో. ముందు రోజు రాత్రి పాస్తాకి 78 ఫ్రాంకులు కట్టిన చెయ్యి ఆ రోజు 7.50 దగ్గర వెనక్కి వచ్చింది. దారి రోజున పోయిన డబ్బుని ఊరి రోజున పిల్ల దగ్గర మిగుల్చుకోవాలని చూశాను. ఇంటికి వచ్చాక ఆ ప్రయాణం గురించి దాన్ని ఎవరైనా అడిగితే రిగి కొండ మీద మంచు గురించి ఎంతో ఇష్టంగా చెబుతుంది. ఆ సాయంత్రం గురించి ఎప్పుడూ చెప్పలేదు. నాకు మాత్రం అదే గుర్తొస్తుంది.

అందుకని మా ఆయన మాట నాకు వేరే అర్థంలో సరైనదిగా తోచింది. ప్రతి కప్పు దగ్గరా రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చోకూడదు. కానీ దానికి మార్గం లెక్క మానేయడం కాదని నా నమ్మకం. లెక్క ఇంట్లోనే, బయల్దేరకముందే, ఊరి వారీగా తెగ్గొట్టుకోవాలి. లూసర్న్‌లో కాఫీ, చాక్లెట్ ఆరేడు ఫ్రాంకులు ఉంటాయని ముందే తెలిసి, రోజుకి ఇరవై ఫ్రాంకులు ఆ పేరు మీదే పక్కన పెట్టి ఉంటే ఆ బోర్డు చూసి నాకు గుండె ఝల్లుమనేది కాదు. అన్ని ఊళ్ళకీ ఒకటే అంకె పెట్టుకున్నవాళ్ళకి చౌక ఊళ్ళో ధైర్యం ఎక్కువవుతుంది, ఖరీదైన ఊళ్ళో అపరాధభావం ఎక్కువవుతుంది. ప్రాగ్‌లో అవసరం లేని బొమ్మలు మూడు కొన్నాం, "వందకి ఇంకా చాలా తక్కువే అయిందిగా" అనుకుని.

ఒక్క అంకె పూర్తిగా పనికిమాలినదని కూడా నేను అనలేను. వీసా కోసం ఫ్రాన్స్ వాళ్ళే అలాంటి అంకె వాడతారు. హోటల్ బుకింగ్ ఉన్నవాళ్ళు మనిషికి రోజుకి 65 యూరోలు చూపించాలి, బుకింగ్ లేకపోతే 120. అసలు వెళ్ళగలమా లేదా, ఈ ఏడా వచ్చే ఏడా అని తేల్చుకునే మొదటి రోజున ఆ అంకె కావాలి. నెలల తరబడి ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళకి కూడా సగటు బాగానే పనిచేస్తుంది, దారి రోజులు తక్కువ కాబట్టి. మనలాగా రెండు వారాల్లో నాలుగైదు ఊళ్ళు చుట్టేవాళ్ళకే అది మోసం చేస్తుంది.

ప్యాకేజీలో వెళ్తే ఈ గొడవే ఉండదు కదా అని మా ఆఫీసులో ఒకావిడ అన్నారు. నిజమే, పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు నేనూ ప్యాకేజీయే చూస్తాను. అందులో దారి ఖర్చు ముందే కలిపి ఉంటుంది, కనబడదు. మధ్యాహ్నం భోజనాలు, పైన కొండ టికెట్లు ఏవి కలిపారో ఏవి కలపలేదో మాత్రం కాగితం మీద చదువుకోవాలి.

ఇంత దూరం వచ్చి

దారి రోజులే ఖరీదైనవని ఒప్పుకుంటే తర్వాతి మాట దానంతట అదే వస్తుంది. ఊళ్ళు తగ్గించుకోవాలి. బడ్జెట్‌లో అన్నిటికంటే పెద్ద నిర్ణయం అదే. సూపర్‌మార్కెట్ బ్రెడ్డు తిని రోజుకి పదిహేను యూరోలు మిగుల్చుకోవచ్చు. ఒక్క ఊరు మానేస్తే రైలు టికెట్లు కాకుండానే అరవై డెబ్భై యూరోలు మిగులుతాయి, టికెట్లు కలిపితే రెండు వందలు దాటుతుంది, పైగా ఒక పగలు మిగులుతుంది.

ఈ మాట రాయడం తేలిక, ఇంట్లో చెప్పడం చాలా కష్టం. మా అమ్మ లాంటి వాళ్ళ మాట "ఇంత దూరం వెళ్ళి అది చూడకుండా వస్తారా?" అని. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ముగ్గురికీ విమానం టికెట్లు, వీసాలు, ఇన్సూరెన్స్ కలిపి లక్షల్లో పోశాక, మళ్ళీ ఈ జన్మలో వస్తామో రామో తెలియని మధ్యతరగతి ఇంటికి ఇంకో ఊరు కలుపుకోవాలనిపించడం అత్యాశ కాదు. అది కష్టార్జితం మీద గౌరవం. వెనిస్‌లో మేం ఒక్క రాత్రే ఉన్నాం, మామూలు రోజు ఒక్కటి కూడా లేదు. 240 యూరోల పేజీ అదే. అయినా తెల్లవారుజామున ఐదున్నరకి మా అమ్మాయి నన్ను లేపి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కింద కాలవలో కూరగాయల పడవ వెళ్తోంది, టమాటా బుట్టల మీద ఒక కుక్క కూర్చుని ఉంది. ఆ దృశ్యానికి ఎంత ఖరీదు కట్టాలో నాకు తెలియదు.

అందుకే వెనిస్ వెళ్ళొద్దని నేను ఎవరికీ చెప్పను. వెనిస్ కలపడానికి ఎంత అవుతుందో మాత్రం కలపక ముందే తెలుసుకోమంటాను. మేం తెలుసుకోలేదు. "దారిలోనే కదా" అనుకున్నాం. దారిలో ఉన్న ఊరికి దారి ఖర్చు ఉండదనుకున్నాం. ముందే తెలిసి ఉంటే బహుశా అక్కడ రెండు రాత్రులుండి ప్రాగ్ మానేసేవాళ్ళం. లేదా ప్రాగ్‌లో రెండు రాత్రులు పెంచుకుని వెనిస్ మానేసేవాళ్ళం. ఏది చేసినా తెలిసి చేసేవాళ్ళం.

తమ్ముడి కాగితం

వాడి ప్లాను పంపమన్నాను. ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, ఇంటర్‌లాకెన్ (ఇదీ స్విట్జర్లాండ్‌లోనే), వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్. పన్నెండు రాత్రులు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి రోమ్ నుంచి తిరుగు విమానం తీసుకున్నాడు, అది చాలా మంచి పని. దిగిన ఊరికే మళ్ళీ వెనక్కి వెళ్ళాల్సిన పని లేదు.

ఫోన్లోనే లెక్క పెట్టించాను. పదమూడు రోజులు. దిగే రోజు ఒకటి, ఊరు మారే రోజులు ఐదు, తిరిగి వచ్చే రోజు ఒకటి. ఏడు. మిగిలినవి ఆరు. "అంటే ఊళ్ళు ఆరు, ఊరు చూసే రోజులూ ఆరేనా?" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఊరికి నాలుగు ధరలు మాత్రం వెతకమన్నాను. ఒకసారి బస్సో మెట్రోనో ఎక్కితే ఎంత, వాళ్ళు దిగే హోటల్ ఉన్న వీధిలోనే మామూలు మధ్యాహ్నం భోజనం ఎంత, ఒక కాఫీ ఎంత, ఆ ఊళ్ళో తప్పకుండా చూడాలనుకున్నదానికి టికెట్ ఎంత. హోటల్ వీధిలోనే అని గట్టిగా చెప్పాను. ఎందుకంటే అలసిపోయిన రాత్రి మనం తినేది అక్కడే, వీడియోలో చెప్పిన చౌక హోటల్‌కి ఎవరూ అర్ధగంట నడవరు. టికెట్ల ధరలు అసలు సైట్లలోనే, ఈ నెలలోనే చూడమన్నాను. నా నోటుపుస్తకంలో లూవ్ర్ 22 యూరోలు. 2026 జనవరి 14 నుంచి యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్ళకి 32 చేశారు. నా అంకెలు నమ్ముకుని ఉంటే ఇద్దరికీ కలిపి 20 యూరోలు అక్కడే తప్పేది. ఆమ్‌స్టర్‌డామ్‌లో గది అద్దె మీద పన్నెండున్నర శాతం టూరిస్టు పన్ను ఉంది, బుకింగ్‌లో కలిసిందో లేదో చూసుకోమన్నాను. క్రెడిట్ కార్డు ఏది తీసుకెళ్తున్నాడో అడిగాను. మూడున్నర శాతం మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుం), దాని మీద జీఎస్టీ ఉన్న కార్డయితే లక్షకి నాలుగు వేల పైన ఊరికే పోతుంది. మెషీన్ మీద రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోల్లోనే అనమన్నాను.

దారి రోజుకి ఆ ఊరి మామూలు రోజుకి ఒకటిన్నర రెట్లు వేసుకోమన్నాను. మా లెక్కలో అంతకన్నా కాస్త ఎక్కువే అయింది, కానీ మాకు పిల్ల ఉంది, వాళ్ళిద్దరే. ఆ పై సగాన్ని షీట్లో వేరే వరసలో పెట్టమన్నాను. ఏమని రాయాలని అడిగితే "దారి ఖర్చులు" అని రాయమన్నాను. వాడికి మా నాన్న సంచీ గుర్తుంది. పెద్దనాన్న కాశీ నుంచి తెచ్చిన దారం వాడి చేతికీ కట్టారు.

మూడు రోజుల తర్వాత కొత్త షీట్ పంపాడు. ఫ్లోరెన్స్ లేదు, ఆమ్‌స్టర్‌డామ్ ఒక రాత్రి తగ్గింది. వెనిస్ ఉంది. మరదలికి చిన్నప్పటి నుంచి ఆ ఊరంటే ఇష్టమట, అందుకని రెండు రాత్రులు చేశారు. రోజుకి ఆరు వేలు అన్న వరస ఎక్కడా కనబడలేదు. ఊరికో అంకె ఉంది, ఇంటర్‌లాకెన్ కింద కొండ టికెట్ వేరుగా ఉంది, కాఫీ వేరుగా ఉంది. మొత్తం చూస్తే వాడు మొదట అనుకున్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లయింది. భయపడతాడేమో అనుకున్నాను. "అక్కా, ఇది ఎక్కువే, కానీ ఇప్పుడు నాకు టెన్షన్ తగ్గింది" అన్నాడు.

క్యాలెండర్ తీసి చూశాను. ఇంటర్‌లాకెన్ చేరేది ఆదివారం. ముందు రోజు రాత్రే పారిస్‌లో బ్రెడ్డు, పెరుగు, అరటిపళ్ళు కొని బ్యాగులో పెట్టుకోమని మెసేజ్ పెట్టాను.